అమెరికాలో ఆటల తిరునాళ్లు
పాచికల కోసం నాలుగు రోజులు సెలవు పెట్టే పెద్దమనుషులు

ఉద్యోగానికి సెలవు పెట్టి, పెట్టే బేడా సర్దుకుని, వందల మైళ్లు ప్రయాణం చేసేది పెళ్లికో పుణ్యక్షేత్రానికో అయితే ఎవరూ ఆశ్చర్యపోరు. బల్ల ముందు కూర్చుని పాచికలు వేసుకోవడానికి వెళుతున్నామంటే మాత్రం ఇంట్లో పెద్దలు ముక్కున వేలేసుకుంటారు. అమెరికాలో ఏటా డెబ్భై వేల మంది చేస్తున్న పని సరిగ్గా అదే.

ఆ తిరునాళ్ల పేరు జెన్ కాన్. ఇండియానా రాష్ట్రానికి రాజధాని, కారు పందేలకు పేరుమోసిన ఇండియానాపొలిస్ నగరం దీనికి వేదిక. జూలై ఆఖరులోనో ఆగస్టులోనో గురువారం మొదలై ఆదివారం దాకా నాలుగు రోజులు సాగుతుంది. 2023లో హాజరైన వారి సంఖ్య 70 వేలు దాటింది. 2024లో 71 వేలకు పైగా వచ్చారు. ఇక్కడ పరుగు పందేలు లేవు, బంతాటలు లేవు. ఉన్నవన్నీ బల్ల మీద పరిచి ఆడే ఆటలే. పటాలు, పావులు, పాచికలు, అట్టముక్కలు, బొమ్మలు ఇవే సరంజామా.

పేకాట క్లబ్బు వంటిదనుకుంటే పొరపాటు. ఆడేవారు బల్ల మీద డబ్బు కాయరు. గెలిచినవాడికి మిగిలేది గెలిచానన్న తృప్తి, మహా అయితే చిన్న బహుమతి. ఓడినవాడు కూడా అంతే సంతోషంగా లేచి మరో బల్ల వెతుక్కుంటాడు. చూసేవారికి వింతగా తోచేది ఇదే.

యాభై డాలర్ల అద్దె హాలు

ఇంత పెద్ద ఉత్సవం పుట్టింది ఒక చిన్న ఊళ్లో. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే ఊరుంది. అక్కడ గ్యారీ గైగాక్స్ అనే గృహస్థు ఉండేవాడు. భీమా కంపెనీలో ఉద్యోగం. తీరిక దొరికితే బల్ల మీద సైన్యాలను మోహరించి యుద్ధం ఆటలు ఆడడం అతనికి సరదా. 1967లో పదిమందీ అతని ఇంట్లోనే చేరి ఆడుకున్నారు. మరుసటి ఏడు ఇల్లు చాలదని ఊళ్లో తీగలు అల్లుకున్న తోటమాలుల హాలు ఒకటి 50 డాలర్లకు అద్దెకు తీసుకున్నాడు. 1968 ఆగస్టులో జరిగిన ఆ తొలి సభకు వచ్చినవారు దాదాపు వందమంది.

పేరు కూడా చమత్కారంగానే పెట్టారు. యుద్ధాల్లో పాటించవలసిన నియమాల మీద దేశాల మధ్య కుదిరినవి జెనీవా ఒప్పందాలు. ఆడేవి యుద్ధం ఆటలు, ఊరి పేరు లేక్ జెనీవా. రెండూ కలిసివచ్చేలా సభకు జెన్ కాన్ అని పేరు పెట్టేశారు.

1969లో జరిగిన రెండో సభలో గైగాక్స్‌కు డేవ్ ఆర్నెసన్ అనే మరో ఆటగాడు పరిచయమయ్యాడు. ఆ పరిచయం తరువాత పెద్ద కథే నడిపింది. 1970లో గైగాక్స్ ఉద్యోగం ఊడింది. భార్యాబిడ్డలున్న మనిషి, చెప్పులు, బూట్లు బాగుచేస్తూ ఇల్లు గడుపుకొచ్చాడు. ఆటను మాత్రం వదల్లేదు. ఆర్నెసన్‌తో కలిసి తయారుచేసిన కొత్త ఆటను 1974లో స్నేహితులతో పెట్టుకున్న సొంత సంస్థ ద్వారా వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. ఆ ఆటే డంజెన్స్ అండ్ డ్రాగన్స్. నేడు అది ఆడని దేశం అరుదు.

సభ కూడా ఊళ్లు మారుతూ పెరిగింది. 1985 నుంచి 2002 దాకా మిల్వాకీ నగరంలో జరిగింది. 2003 నుంచి ఇండియానాపొలిస్‌లో స్థిరపడింది.

కథ చెప్పేది ఒకరు, నడిపేది అందరూ

ఈ డంజెన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఏమిటో మన పల్లెవాసులకు చెప్పడం కష్టమేమీ కాదు. హరిదాసు కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ముందు వరుసలో ఉన్న నలుగురైదుగురి వైపు తిరిగి, "అడవిలో దారి రెండుగా చీలింది. మీరెటు వెళతారు?" అని అడిగాడనుకోండి. వాళ్లు ఎటు చెబితే కథ అటు నడవాలి. ఆట మొత్తం అంతే.

బల్ల చివర కూర్చున్నాయన కథకుడు. చుట్టూ ఉన్నవారిలో ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, మరొకరు దొంగ. రాక్షసుడి మీద కత్తి దూస్తానని ఒకరంటే, దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ పాచికలు కూడా మనం ఎరిగిన ఆరు ముఖాలవి మాత్రమే కావు. నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి సైతం ఉంటాయి. ఇరవై ముఖాల పాచికలో ఇరవై పడితే బల్ల చుట్టూ కేకలు, చప్పట్లు. ఒకటి పడితే అందరూ తల పట్టుకుంటారు.

చదువుకున్నవారు, కంప్యూటర్లతో పనిచేసేవారు, లెక్కలు వచ్చినవారు ఎందరో అక్కడ ఉంటారు. పాచికల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ నమ్మకాలే. తన పాచికలను ఇతరులు ముట్టుకుంటే ఒప్పుకోనివారున్నారు. వరసగా తక్కువ పందేలు వేసిన పాచికను చిన్న పెట్టెలో పెట్టి, "జైల్లో వేశాం" అనేవారున్నారు. గవ్వలను గుప్పిట్లో ఆడించి, నోటి దగ్గర పెట్టుకుని ఊది మరీ విసిరే మన అవ్వలు చూస్తే వీళ్లను తమలో కలిపేసుకుంటారు.

ఆటకు ముందే ఒక ఆట

అక్కడ చోటు దొరకడమే ఒక పరీక్ష. నాలుగు రోజుల్లో వేల సంఖ్యలో ఆటలు జరుగుతాయి. ఏ ఆట, ఏ హాలులో, ఏ వేళకు, ఎందరికి చోటుందన్న జాబితా నెలల ముందే వస్తుంది. ఆడదలచినవారు తమ కోరికల చిట్టాను సిద్ధం చేసుకుని, చెప్పిన రోజున చెప్పిన నిమిషానికి కంప్యూటర్ మీద పంపాలి. ఆ నిమిషం దాటితే వరుసలో వేల మంది వెనక పడవలసిందే. హోటల్ గది సంగతి మరీ విడ్డూరం. నిర్వాహకులు ఏర్పాటుచేసిన గదుల కోసం ఎవరికి ఏ వేళ ఇవ్వాలన్నది లాటరీలా తేలుతుంది. ముందు వేళ వచ్చినవారికి ఎదురుగానే గది, చివరి వేళ వచ్చినవారికి ఊరి చివర గది.

గురువారం ఉదయం పది గంటలకు అమ్మకాల హాలు తలుపులు తెరుస్తారు. అంతకు చాలా ముందే తలుపుల ముందు జనం కిటకిటలాడతారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఆట మొదటి రోజే అయిపోతుందేమోనన్న బెంగ. ఖాళీ పెట్టెలు వెంట తెచ్చుకుని, తిరుగు ప్రయాణంలో ఆటలు నింపుకుని వెళ్లేవారు కొల్లలు. తిరునాళ్లలో రంగుల రాట్నం, జీళ్ల కొట్టు మధ్య పిల్లవాడు పడే తికమక ఇక్కడ యాభై ఏళ్లవారి ముఖాల్లో కనిపిస్తుంది.

పాత ఆటలకు వేలంపాట కూడా ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు ఆడి, తల్లి అటక మీంచి తీసి పారేసిన ఆట మళ్లీ కంటపడితే ఎంతకైనా పాట పెంచేవారున్నారు.

పగటివేషాలు, పేకమేడలు

నాలుగు రోజులూ దారి పొడవునా వేషాలే. గడ్డాల మరుగుజ్జులు, చెవులు మొన తేలిన వనదేవతలు, ఇనప కవచాల వీరులు, తోకల రాక్షసులు ఎదురవుతుంటారు. నెలల తరబడి కుట్టుకున్న దుస్తులతో శనివారం నాడు ఊరేగింపు తీస్తారు. మన పగటివేషగాళ్లు పొట్టకూటి కోసం వేసేవారు. వీరు సొంత డబ్బు ఖర్చుపెట్టి సరదా కోసం వేస్తారు. ఫోటో తీసుకుంటామని ఎవరైనా అడిగితే ఆనందంగా నిలబడతారు. రాక్షసుడు క్యూలో నిలబడి కాఫీ కొనుక్కోవడం, పక్కనే మంత్రగత్తె చంటిబిడ్డకు పాలపీక అందించడం అక్కడ మామూలు దృశ్యాలు.

చూసి తీరవలసింది పేకమేడల పట్నం. కార్డ్‌హల్లా అంటారు. ఆటల్లో వాడి మిగిలిపోయిన అట్టముక్కలు వేలకు వేలు గుట్టగా పోస్తారు. వచ్చేపోయేవారు కూర్చుని వాటితో గోపురాలు, కోటలు, వంతెనలు కడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరు పూర్తిచేస్తారో తెలియదు. మనిషి ఎత్తు మేడలు లేస్తాయి. శనివారం రాత్రి చుట్టూ జనం చేరి, నాణేలు విసిరి ఆ పట్నాన్ని కూలగొడతారు. అంత శ్రమపడి కట్టింది నిమిషాల్లో నేలమట్టమవుతుంటే కట్టినవారే ముందుండి కేరింతలు కొడతారు. విసిరిన నాణేలన్నీ ఏరి ధర్మకార్యానికి ఇస్తారు. తొమ్మిది రోజులు పూజించిన వినాయకుణ్ణి చెరువులో కలిపే మనకు ఇందులోని ఆనందం అర్థం కాకపోదు.

మరో చోట గదులకు గదులే గుహలుగా మార్చి కడతారు. జట్టుగా లోపలికి వెళ్లినవారు ఒక్కొక్క గదిలో చిక్కుముడి విప్పాలి. రాక్షసుడు ఎదురైతే బల్ల మీద బిళ్లను జార్చి, అది ఎక్కడ ఆగిందో చూసి దెబ్బ లెక్క కడతారు. కేరమ్స్ బాగా ఆడే కుర్రాడికి అక్కడ మంచి గిరాకీ.

రెండు గొర్రెలకు ఒక ఇటుక

2013లో అక్కడ ఒక రికార్డు నమోదైంది. 922 మంది కలిసి ఒకే ఆట ఆడారు. ఆ ఆట పేరు కటాన్. దాన్ని తయారుచేసిన క్లౌస్ టాయ్‌బర్ జర్మనీలో కట్టుడు పళ్లు తయారుచేసే పనివాడు. 1995లో వచ్చిన ఆ ఆట అదే ఏడు జర్మనీలో ఏటి మేటి ఆటగా బహుమతి పొందింది. టాయ్‌బర్ 2023లో కన్నుమూశాడు.

కటాన్ మన రైతులకు చెబితే ఇట్టే పట్టేస్తారు. ఒక దీవి. అందులో గోధుమ పొలాలు, గొర్రెల బీళ్లు, అడవులు, ఇటుక మట్టి, గనులు. పాచిక పడిన అంకెను బట్టి ఎవరి పొలం పండిందో తేలుతుంది. ఒకరికి పంట పండితే మరొకరికి ఎండుతుంది. బాట వేయాలంటే కలప, ఇటుక కావాలి. ఇల్లు కట్టాలంటే వాటికి తోడు గోధుమ, గొర్రె ఉండాలి. అన్నీ ఎవరి దగ్గరా ఉండవు కనుక బేరం తప్పదు. "రెండు గొర్రెలిస్తాను, ఒక ఇటుక ఇవ్వు" అంటూ డాక్టర్లు, ప్రొఫెసర్లు సంతలో మాదిరి గీచి గీచి బేరమాడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. మధ్యలో ఎవరినీ ఆటలోంచి వెళ్లగొట్టరు. చివరి దాకా అందరూ బల్ల దగ్గరే ఉంటారు.

నిద్ర, భోజనం, స్నానం

కొన్ని హాళ్లలో ఆటలు రాత్రంతా నడుస్తాయి. 2017 నుంచి పక్కనున్న స్టేడియం మైదానంలో సైతం బల్లలు వేస్తున్నారు. ఆటలో పడి ఒళ్లు మరిచేవారి కోసం అక్కడి పాత ఆటగాళ్లు కొత్తవారికి ఒక సూత్రం చెబుతుంటారు. రోజుకు కొన్ని గంటలైనా నిద్ర, రెండు పూటలైనా భోజనం, ఒకసారైనా స్నానం. మూడోదాన్ని గట్టిగా నొక్కి చెబుతారు. ఎందుకో ఇరుకు బల్ల ముందు పక్కపక్కన నాలుగు గంటలు కూర్చుంటే తెలుస్తుంది.

ఇంటికి వెళ్లాక రొంప, గొంతు నొప్పి రావడం కూడా ఆనవాయితీయే. వేల మంది చేతులు మారిన పాచికలు ఊరికే పోనిస్తాయా? దానికీ ఒక ముద్దు పేరు పెట్టుకుని నవ్వుకుంటారు.

మంచిచెడ్డలు అక్కడా ఉన్నాయి. 2023లో తలుపులు తెరవక ముందే సుమారు మూడు లక్షల డాలర్ల విలువైన ఆట కార్డుల మోపును ఇద్దరు మనుషులు బండి మీద తోసుకుపోయారు. అట్టముక్కల కోసం దొంగతనమా అని లోకం నోరు వెళ్లబెట్టింది. అరుదైన కార్డుకు బంగారం ధర పలుకుతుందని తెలిసినవారు మాత్రం ఆశ్చర్యపడలేదు.

కష్టకాలాలు కూడా వచ్చాయి. 2008 మార్చిలో గైగాక్స్ మరణించాడు. అదే ఏడు నిర్వాహక సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో పడి దివాలా చట్టం కింద కోర్టు రక్షణ కోరింది. ఉత్సవం మాత్రం ఆగలేదు. 2020లో కరోనా వల్ల సభ రద్దయింది. ఎవరి ఇళ్లలో వారు కూర్చుని కంప్యూటర్ల మీద ఆడుకున్నారు. 2021 సెప్టెంబరులో తక్కువ మందితో మళ్లీ బల్లలు వేశారు. ఫోన్‌లో వెయ్యి ఆటలు చేతికందుతున్న రోజుల్లో, ఎదురుగా మనిషి కూర్చుంటే తప్ప ఆట రుచించదని ఇన్ని వేల మంది దారి పట్టడమే విశేషం.

అసలు పందెం ఇక్కడ

సరదా వెనక కొందరికి బతుకు పందెం ఉంది. కొత్తగా ఆట తయారుచేసినవారి కోసం ప్రత్యేకంగా ఒక హాలు ఉంటుంది. చేత్తో గీసిన పటం, కత్తిరించిన కాగితం ముక్కలు పట్టుకుని వస్తారు. ముక్కూ మొహం తెలియనివారు కూర్చుని ఆడి, బాగుందో లేదో మొహం మీద చెబుతారు. ఏళ్లు పడిన శ్రమ ఒక గంటలో తేలిపోతుంది. ఆవులించినవాడిని చూసి ఇంటికి వెళ్లి తిరగరాసుకునేవారు, రెండోసారి ఆడతామన్నవారిని చూసి కళ్లు చెమర్చేవారు ఇద్దరూ అక్కడ కనిపిస్తారు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల పండితుడు రూపొందించిన మ్యాజిక్ అనే కార్డుల ఆటను 1993లో ఈ తిరునాళ్లలోనే జనం ముందు పెట్టారు. ఆ ఆట ఎందరికి అన్నం పెట్టిందో లెక్కలేదు. అలా వచ్చి అలాగే వెళ్లిపోయిన ఆటలు అంతకు ఎన్నో రెట్లు.

గవ్వలు సముద్రం దాటిన వైనం

ఈ ఆటల వంశం తీస్తే కొన్ని కొమ్మలు మన అరుగుల దగ్గరికే వస్తాయి. గవ్వలతో ఆడే పచ్చీసు అమెరికా చేరి పార్చీసీ అయింది. 1874లోనే అక్కడ ఆ పేరు వ్యాపార చిహ్నంగా నమోదైంది. ఇంగ్లండులో అదే ఆటను సులువు చేసి 1896లో లూడో అన్నారు. ఆ లూడోను ఇవాళ మన పిల్లలు డబ్బిచ్చి కొనుక్కుని ఆడుతున్నారు. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము అని నేర్పిన వైకుంఠపాళీ కూడా ఓడ ఎక్కింది. 1943లో అమెరికాలో వచ్చిన రూపంలో పాములు పోయి పిల్లల జారుడుబల్లలు వచ్చాయి. వైకుంఠం ఆనవాలే లేదు.

మరో సంగతి. ఇద్దరు ఆటగాళ్లకు వేర్వేరు బలగాలు, వేర్వేరు ఎత్తులు ఉండే ఆటలకు నేడు ఆటల సంతలో మంచి పేరుంది. మన పులి జూదం అచ్చంగా అదే. మూడు పులులు ఒకరివి, పదిహేను మేకలు మరొకరివి. పులి దూకి చంపుతుంది. మేకలు కదలనీయకుండా చుట్టుముట్టి కట్టేస్తాయి. బలం ఒకరిది, సంఖ్య ఒకరిది. ఎవరు ఏ కాలంలో కనిపెట్టారో పేరు మిగలలేదు. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన గీతలు మాత్రం మిగిలాయి.

ఆ గీతల మీద ఆడేవారు తగ్గిపోతున్నారు. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లాపడితే అష్టా అని చెప్పగలిగిన పిల్లలు ఇంటికి ఒకరు దొరకడం కష్టం. వామనగుంటల పీట ఉన్న ఇళ్లలో అది అటకెక్కింది. ఈ ఆటలు పుస్తకం చదివి నేర్చినవి కావు. అవ్వ పక్కన కూర్చుని నేర్చినవి. అవ్వతోపాటు ఆటా పోతుంది. అందునా ఊరికో పద్ధతి. పక్క ఊళ్లో చెల్లే ఎత్తు ఈ ఊళ్లో చెల్లదు. ఒక ముసలామె పోతే ఒక ఊరి పద్ధతి మొత్తం పోయినట్లే.

కావలసింది ఒక చాప

జెన్ కాన్ నుంచి మన పల్లెలు తెచ్చుకోదగ్గది డాలర్లు పెట్టి కొనే పెట్టెలు కావు. అక్కడ ప్రతి బల్ల దగ్గర మూడు ఏర్పాట్లు ఉంటాయి. ఫలానా వేళ అని ఒక మాట, కూర్చునేందుకు చోటు, తెలియనివాడికి విసుక్కోకుండా నేర్పే మనిషి. ఈ మూడింటి బలంతోనే వందమంది హాలు డెబ్భై వేల మంది తిరునాళ్లయింది.

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుకుని ఊళ్లకు ఊళ్లే కదిలే మనకు జనాన్ని కూడగట్టడం ఒకరు నేర్పాలా? సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడుతున్నాం, ఎడ్ల పందేలు పెడుతున్నాం. ఆ మూడు రోజుల్లో ఒక మధ్యాహ్నం రామాలయం అరుగు మీద చాప పరిచి, నాలుగు గవ్వలు, దోసెడు చింతపిక్కలు పోస్తే ఖర్చు రూపాయి కాదు. బడిపిల్లల్ని ఒక వైపు, డెబ్భై దాటినవారిని ఎదురుగా కూర్చోబెడితే చాలు. పులి ఎటు దూకుతుందో, మేక ఎక్కడ అడ్డుపడాలో పెద్దలే చెబుతారు. ఊరి పద్ధతి ఏమిటో ఒక కుర్రాడు నోటు పుస్తకంలో రాసుకుంటే మరీ మంచిది.

గెలుపు ఎవరిదన్న పట్టింపు లేదు. మనవడు మేకలతో తాత పులిని కట్టేశాడంటే తాతే ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు.